సగం గ్లాసు నీళ్ల సార్

మొన్న జుక్కల్‌లో మా వియ్యంకుల ఇంటికి పోయాం, నేనూ మా ఆవిడా. ఎండన పడి పోయినవాణ్ని కదా, వాకిట్లోనే కుర్చీ వేసి పెద్ద స్టీలు గ్లాసుతో నీళ్లిచ్చారు. సగం తాగాను. మిగతా సగం గడప ముందు నేల మీద నెమ్మదిగా పోసి, నడుం వంచి, ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ నిలబడ్డాను. వియ్యపురాలు బిత్తరపోయింది.

"ఏందన్నా, నీళ్లల్ల ఏమన్న పడ్డదా?"

మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ఏం పడలే వదినా. మా గల్లీల ఒక సార్ ఉంటుండె. ఆయన అంటిచ్చిపోయిన రోగం. దీనికి ఏ దవాఖానల మందు లేదు," అని సర్దిచెప్పింది. నీళ్లు మాత్రం గడప వైపే పోయాయి. వానాకాలం వాళ్లింట్లోకి నీళ్లు వస్తాయని నాకు అర్థమైంది. వియ్యంకుల దగ్గర నోరు విప్పే ధైర్యం లేక ఊరుకున్నాను.

ఆ సార్ పోయి నాలుగు నెలలు. బస్సులో మా ఊరు బాన్సువాడకు తిరిగి వస్తుంటే దారిపొడుగునా ఆయనే గుర్తొచ్చాడు. ఏడుపు రాలేదు. నవ్వే వచ్చింది.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. ఎలక్షన్ కరపత్రం మీద కూడా తన పేరు చిన్న అక్షరాల్లో, బకెట్ గుర్తు పెద్దగా వేయించుకున్న మనిషి. మా గల్లీలో అందరికీ సార్. చాటున మాత్రం సగం గ్లాసు సార్. బొంబాయిలోనూ సముద్రం అవతలా నలభై, యాభై అంతస్తుల బిల్డింగులు గీసిన మనిషి, అరవై దాటాక మూటాముల్లె సర్దుకుని మా గల్లీలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ఎందుకొచ్చాడని ఊరంతా ఒకటే ఫికర్. రియల్ ఎస్టేట్ చేస్తాడని కొందరు, మతి చెడిందని కొందరు. నేను మాత్రం నా కొట్టు మూయించడానికే వచ్చాడనుకున్నాను.

ఎందుకంటే నాది బస్టాండు దగ్గర ఇండ్ల ప్లాన్లు గీసే కొట్టు. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఎవరు గోడ లేపినా కాగితం నాదే. అలాంటిది ఒకరోజు పొద్దున ఒక పెద్దమనిషి నా కొట్టు ముందు నిలబడ్డాడు. మోకాళ్ల దగ్గర ఉబ్బిన ప్యాంటు, నలిగిన తెల్ల లాల్చీ, చెవి సందున పెన్సిలు. పని కోసం వచ్చిన మేస్త్రి అనుకుని, "ఇయ్యాల పని లేదు, రేపు రా," అన్నాను. ఆయన వెళ్లలేదు. బెంచీ మీద కూర్చుని, నా బల్ల మీదున్న ప్లాన్ కేసి చూశాడు. రెండు పడక గదులు, పూజ గది, ఇంటాయనకు ఇంకా లేని కారు కోసం ఒక పోర్టికో. నా మటుకు నాకు అది నా పనితనానికి మచ్చుతునక.

"మోరీ ఎటు పోతది తమ్మీ?" అన్నాడు.

"అది తర్వాత చూస్కుంటరు."

"ఎవరు?"

"మేస్త్రి."

"మేస్త్రికి ఎవరు జెప్తరు?"

ఇంటి వాడకం నీళ్లు పోయే మోరీ నా ప్లాన్‌లోనే లేదు. ఆయన బెంచీ మీద నుంచి లేచి, "బరం బరం," అన్నాడు. మద్నూర్ పక్క పుట్టినవాడు, మరాఠీలో సరే అనడం. కోపమొచ్చినా, నచ్చినా, అర్థమైనా, కాకపోయినా ఆయన నోట ఆ మాటే వచ్చేది. ఏ 'బరం' దేనికో పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ రోజుది మాత్రం 'నీకింకా చాలా నేర్పాలి' అనే రకం. ఒళ్లు మండిపోయింది. ఆయనెవరో సాయంత్రం తెలిశాక ఇంకా మండింది. ఆకాశమంత బిల్డింగులు కట్టినవాడు వచ్చి నన్ను మోరీ అడుగుతాడా?

ఇల్లు కిరాయికిచ్చినాయన మేడ మీద గాలి బాగుంటుందని పైభాగం చూపించాడట. "నాకు మెట్లెక్కుడంటే పానం మీదికొస్తది," అని కింద గదే తీసుకున్నాడు. గల్లీ గల్లీ పడి పడి నవ్వింది. నిజం చెప్పాలంటే ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. అది చెప్పుకోవడం కంటే నలుగుర్ని నవ్వించడమే ఆయనకు ఇష్టం.

ఆ పెద్ద పెద్ద బిల్డింగుల గురించి చెప్పమని ఎవరడిగినా మాట మార్చేవాడు. నాకు ఒక్కసారి చెప్పాడు, చాయ్ తాగుతూ. నేను అద్దాల గురించో లిఫ్టుల గురించో చెబుతాడని చెవులు రిక్కించి కూర్చున్నాను.

"గండ్ల నేను గీసింది ఎక్కువ పైపులే తమ్మీ," అన్నాడు. "మీదోడు తానం జేస్తే కిందోనికి సప్పుడు రావొద్దు. మీదోని నీళ్లు కిందోని గోడకు చెమ్మ పట్టియ్యొద్దు. నలభై అంతస్తులంటే నలభై మంది నీళ్లు. గవి మర్యాదగ భూమి మీదికి దిగాలె. గంతే నా కొలువు."

"మరి అందం?"

"అద్దాలు పెట్టేటోళ్లు వేరే ఉంటరు." చాయ్ పూర్తిచేసి, కప్పు కడిగిన నీళ్లు బయట పోసి, అవి ఎటు పోతున్నాయో వంగి చూశాడు.

ఈ నీళ్లు పోసే అలవాటు మీద మా గల్లీలో రకరకాల కథలు పుట్టాయి. ఎవరింటికి పోయినా ఇచ్చిన నీళ్లు సగమే తాగి, మిగతా సగం వాకిట్లో పోస్తాడు కదా. ఎప్పుడో ఈ ఊళ్లోనే ఉండి చచ్చిపోయిన వాళ్లక్కకు వదులుతున్నాడని ఒకరు, మన నీళ్లు ఆయనకు పడవని ఒకరు. మా ఆవిడ మొదటిసారి చూసి, "గంత టెక్కేంది? తాగితే తాగాలె, లేకుంటే వద్దనాలె," అని నాలుగు రోజులు మూతి ముడుచుకుంది. ఆయనకు ఇవన్నీ తెలుసు. ఒక్కరికీ సంజాయిషీ ఇచ్చేవాడు కాదు. నీళ్లు పోసి, చేతులు వెనక్కి కట్టుకుని, తడి గీత ఎక్కడ ఆగిందో చూసి, "బరం బరం," అని పోయేవాడు.

ఆయన రాజకీయాల్లోకి ఎందుకు దిగాడో చూసినవాణ్ని నేనొక్కణ్నే. అందుకే ఈ ముచ్చట రాస్తున్నాను.

ఒక మధ్యాహ్నం నన్ను టేపు పట్టుకుని రమ్మని, గల్లీ చివర హఫీజా ఆపా ఇంటికి తీసుకుపోయాడు. ఆపా బొంతలు కుడుతుంది. ఊళ్లో సగం మంది చలికాలం ఆమె కుట్టిన బొంతల్లోనే పడుకుంటారు. భర్త పోయాడు, కొడుకులిద్దరూ నిజామాబాద్‌లో దుకాణాల్లో పనిచేస్తారు. ఆ ఇంటికి రోడ్డు మీద నుంచి రెండు అడుగులు కిందికి దిగి పోవాలి. సార్ గుమ్మం ముందు ఆగిపోయి అటూ ఇటూ చూశాడు.

"గిది గిట్ల లేకుండె. నేను పదో తరగతి సదువుకునేటప్పుడు మా అక్కోళ్లిల్లు ఇదే గల్లీల ఉండె. అక్క బొంత కుట్టమని పాత చీరలు పంపిస్తే గీ ఇంటికే తెచ్చేటోణ్ని. మూడు మెట్లెక్కి పోయేటోణ్ని. నల్లబండ మెట్లు."

లోపల నుంచి హఫీజా ఆపా గొంతు వినిపించింది. "మెట్లు యాడికీ పోలే భయ్యా. రోడ్డు కిందనే ఉన్నయి. మీ రోడ్డు పైకొచ్చింది, మేం కిందికి పోయినం."

నిజమే. మా గల్లీకి మూడుసార్లు రోడ్డు పడింది. పాతది తవ్వకుండా దాని మీదే కంకర, దాని మీద సిమెంటు. ప్రతిసారీ రోడ్డు ఒక అడుగు పెరిగేది. రోడ్డు పెరిగినప్పుడల్లా ఉన్నవాళ్లు ఇల్లు పగలగొట్టి ఇంకా ఎత్తున కట్టుకున్నారు. అందరికంటే ఎత్తు మా కిరాణం సేటుది. ఆయన దుకాణంలో ఉప్పు ప్యాకెట్ కోసం ఐదు మెట్లు ఎక్కాలి. కట్టుకోలేని హఫీజా ఆపా అక్కడే ఉండిపోయింది. గల్లీ మూల పెద్ద మోరీ వానకు పొంగితే, ఆ నీళ్లు గల్లీలోకి వెనక్కి వచ్చి అన్నిటికంటే పల్లంలో ఉన్న ఆ ఇంట్లోకే పోయేవి.

లోపల సార్ వంగి ఆమె మంచం కిందికి చూశాడు. మంచం నాలుగు కాళ్ల కిందా మూడేసి ఇటుకలు. మొదటి రోడ్డుకు ఒక వరస, రెండోదానికి ఒక వరస, మూడోదానికి ఒక వరస. బట్టలూ దూదీ తడవకుండా అన్నీ ఆ మంచం మీదే. ఆపా పొట్టి మనిషి. పీట వేసుకుని మంచమెక్కి కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. ఆ వయసులో ఆమె అలా కాళ్లాడిస్తూ కూర్చోవడం చూస్తే నాకు ఎప్పుడూ నవ్వొచ్చేది. ఆ రోజు సార్ ముఖం చూశాక రాలేదు.

"మళ్ల రోడ్డు శాంక్షన్ అయ్యిందంట గద," అంది ఆపా సూదిలోకి దారం ఎక్కిస్తూ. "గది పడితే ఇగ ఇల్లు అమ్ముడే. పోరగాండ్లు నిజామాబాద్ రమ్మంటుండ్రు. నాకేమో ఈ ఇల్లు ఇడిశి పోబుద్ధి అయితలేదు. క్యా కరూ భయ్యా, నాలుగో ఇటుక పెడితే నెత్తి దూలానికి తగుల్తది."

సార్ నీళ్లడిగాడు. సగం తాగి, మిగతా సగం గుమ్మంలో పోశాడు. నీళ్లు నేరుగా ఇంట్లోకి, మంచం కిందికి పోయాయి. అప్పుడు ఆయన 'బరం' అనలేదు.

ఆ నెలలోనే మున్సిపాలిటీ ఎలక్షన్లు. ఏ పార్టీ లేకుండా కౌన్సిలర్‌గా నామినేషన్ వేసి వచ్చాడు. బకెట్ గుర్తు ఇచ్చారు. ప్రచారమంటే మైకు లేదు, జీపు లేదు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి సగం గ్లాసు తాగి, సగం పోసి, "మీ ఇంటి నీళ్లు పక్కింట్లకు పోతున్నయి. గెలిస్తే సరిజేస్త," అనేవాడు. నిజం చెబితే ఓట్లు ఎలా పడతాయి? పదో ఇంటికి కడుపు నిండి ఆయాసపడేవాడు. వెంట తిరిగిన పాపానికి నేనూ తాగాల్సి వచ్చేది. మిగతా ఇద్దరు అభ్యర్థులూ ఒకర్నొకరు తిట్టుకుని, ఒకరి ఓట్లు ఒకరు చీల్చుకుని, ఈయన్ని గెలిపించారు. గెలిచిన రోజు దండ వేయబోతే, "గది ఆపా ఇంట్ల వెయ్యిన్రి, బొంతల దూది బదులు పనికొస్తది," అన్నాడు.

అసలు కొట్లాట రోడ్డు దగ్గర మొదలైంది. కాంట్రాక్టరు పాతదాని మీదే పోస్తానన్నాడు. సార్ మూడు రోడ్లూ తవ్వి తీసేసి, నేల మట్టానికి దింపి, పూడిన పెద్ద మోరీని లోతు చేసి, దాని వైపు వాలు పెట్టి వేయాలన్నాడు. గల్లీ అంతా సేటు దుకాణం ముందు పోగైంది.

"సార్, అందరూ రోడ్డు లేపమంటరు. మీరు దించమంటుండ్రు. గీడ మా ఇండ్లు గాలిల ఏలాడాల్నా?" అన్నాడు సేటు ఐదు మెట్ల మీద నుంచి. "పక్క గల్లీ రోడ్డు మనకంటె ఎత్తున్నది. మనకు ఇజ్జత్ లేదా?"

నేనూ సేటు పక్కే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, నిజం అదే. రోడ్డు దిగితే నా బండి ఎక్కించే ర్యాంపు పోతుంది. పైగా ఆపా ఇంటికి నీళ్లు రాకుండా ఇన్నేళ్లూ కాపాడింది నేనే అని నా గర్వం. ప్రతి ఏడాదీ మిరుగం నాడు, వానలు మొదలయ్యే రోజు, గల్లీ మూల మొరం మట్టితో అడ్డంగా కట్ట పోసేవాణ్ని, మోరీ నీళ్లు లోపలికి రాకుండా. ఇరవై ఏళ్లు ఒక్క మిరుగం తప్పలేదు. కట్ట దాటి వచ్చినవి వచ్చేవి, అది వేరే మాట.

సార్ అందరి మాటలూ విని, నిదానంగా అన్నాడు: "రోడ్డు దించినంక ఆపా ఇంట్లకు వాన నీళ్లొస్తే, అదే దినం రాజీనామా కాయితం సేటు చేతిల పెడ్త. మళ్ల మీకు నచ్చినంత ఎత్తుగ పోస్కోన్రి."

ఆ మాట మీద సేటు కూడా సరేనన్నాడు. ఇళ్లు వేలాడతాయన్నవాళ్ల కోసం ఆయనే ప్రతి ఇంటికీ మెట్లు గీశాడు. ఆ పనికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పుడే ఆయన పనితనం చూశాను. "ఇంట్ల అందరికంటె పెద్దోళ్లు ఎవరు?" అని అడిగి, ఆ ముసలివాళ్లను నిలబెట్టి, "కాలెత్తవ్వా, ఎంత లేస్తే అంత," అనేవాడు. అరికాలు నేల నుంచి ఎంత లేచిందో స్కేలుతో కొలిచి, ఆ ఇంటి మెట్టు అంత ఎత్తే పెట్టేవాడు. మా అమ్మ కాలు జానెడు కూడా లేవలేదు. అందుకని మా ఇంటికి ఏడు పొట్టి మెట్లు వచ్చాయి. మా అమ్మ వాటి మీద ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, గల్లీలో నాలుగడుగులు నడిచి వచ్చిన రోజున నాకు ఆయన మీదున్న కోపం పూర్తిగా పోయింది. ముప్పై ఏళ్లుగా ఇళ్లు గీస్తున్నాను. మనిషిని నిలబెట్టి కాలు కొలవాలని నాకు ఒక్కసారీ తట్టలేదు.

తవ్వకం పది రోజులు. నల్లా పైపులు తెగాయి, దుమ్ముకు అందరూ దగ్గారు, సార్‌ను తిట్టనివాళ్లు లేరు. ఎనిమిదో రోజున ఆపా గుమ్మం ముందు మట్టి తీస్తుంటే నల్లగా ఒక బండ అంచు కనబడింది. యంత్రం ఆపించి, సార్ తనే కూర్చుని చేత్తో మట్టి తోశాడు. ఒక మెట్టు. సాయంత్రానికి రెండు. మర్నాటికి మూడూ బయటపడ్డాయి, అరిగి, నున్నగా. ఆపా బకెట్‌తో నీళ్లు తెచ్చి కడిగింది. కడుగుతూ ఏడ్చింది. "యా అల్లా, ఇదే మెట్టు మీద మా అత్త నన్ను కూసోబెట్టి సూది పట్టుడు నేర్పింది," అంది. సార్ అన్నిటికంటే కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత బతికినన్ని రోజులూ సాయంత్రం చాయ్ ఆయనకు అక్కడే.

"ఇటుకలు తియ్యమంటవా ఆపా?" అని అడిగాను.

"నక్కో. ముందు వాన పడనియ్యి భాయ్," అంది. మెట్లు చూసి ఏడ్చినా, మూడు రోడ్లు చూసిన మనిషి కదా.

ఇక నేను చేసిన ఘనకార్యం.

మిరుగం వచ్చింది. సార్ మద్నూర్‌లో చుట్టాల ఇంటికి భోజనానికి పోయాడు. నేను పొద్దున్నే లేచి, అలవాటు ప్రకారం పార తీసుకుని, గల్లీ మూల కట్ట పోశాను. ఈసారి రోడ్డు కిందికి పోయింది కదా అని ఇంకాస్త పెద్దగా, తొడల ఎత్తున పోశాను. గల్లీ వాళ్లంతా, ఎప్పటిలాగే, తలా ఒక తట్ట మొరం వేశారు. సేటు దుకాణంలోంచి రెండు ఇసుక సంచులు ఇచ్చాడు. కట్టను పారతో చదును చేసి, వెనక్కి నిలబడి చూసుకుని మురిసిపోయాను. ఇప్పుడు నీళ్లు లోపలి నుంచి ఆ మూలకే పోవాలని, దాని కోసమే అంత తవ్వారని, ఒక్కరికైనా గుర్తు రాలేదు. ప్లాన్లు గీసే నాకు అసలే రాలేదు.

మధ్యాహ్నం ఆకాశం విరిగిపడినట్టు వాన. నేను కొట్టులో చాయ్ తాగుతూ, నా కట్ట గట్టిగా నిలబడి ఉంటుందని ధీమాగా ఉన్నాను. మా ఆవిడ ఫోన్ చేసింది.

"జల్ది రా. గల్లీల నీళ్లు నిలబడ్డయి. ఆపా మెట్లు మునుగుతున్నయి."

పరుగెత్తాను. దారిలో నాకు వచ్చిన మొదటి ఆలోచన రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. 'నలభై అంతస్తులాయన లెక్క తప్పింది' అనుకున్నాను. లోపల ఎక్కడో కాస్త సంతోషం కూడా కలిగింది.

అప్పటికే గల్లీ జనమంతా మెట్ల మీద నిలబడి ఉన్నారు. రెండు మెట్లు మునిగి, మూడోది మునుగుతోంది. సేటు గొడుగు కింద నుంచి, "నేను అప్పుడే జెప్పిన," అంటున్నాడు. అంతలో మద్నూర్ వైపు నుంచి ఆటో వచ్చి ఆగింది. సార్ దిగి, ప్యాంటు పైకి మడిచి, నీళ్లలోకి నడిచాడు. ఆపా గుమ్మం వైపు చూశాడు. ముఖం తెల్లబోయింది. ఆయన భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత నీళ్లు ఎటు కదులుతున్నాయో చూస్తూ గల్లీ మూలకు పోయాడు. కాలికి మొరం తగిలింది.

"గిదేంది? గీ కట్ట ఎవరు పోసిన్రు?"

గల్లీ మొత్తానికి తెలుసు. తలా ఒక తట్ట వేసినవాళ్లే.

"నేనే సార్," అన్నాను. "ప్రతి మిరుగానికి పోస్త. అలవాటు."

ఆయన నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "బరం బరం. పార యాడున్నది?" అన్నాడు.

ఇద్దరం కలిసి తవ్వాం. సగం తవ్వేసరికి నీళ్లే మిగతా సగాన్ని నెట్టేసి, పెద్ద శబ్దంతో మోరీలోకి దూకాయి. చూస్తుండగానే మూడో మెట్టు తేలింది, తర్వాత రెండోది, తర్వాత మొదటిది. ఇంకా వాన పడుతూనే ఉంది, గల్లీలో నీళ్లు మాత్రం నిలబడటం లేదు. లెక్క తప్పలేదు. తప్పింది నేను.

కానీ అప్పటికే ఆపా గడప దాటి వేలెడు నీళ్లు లోపలికి పోయాయి. నాకు కనబడ్డాయి. సార్‌కూ కనబడ్డాయి. సేటు మెట్లు దిగి వచ్చాడు.

"కట్ట ముచ్చట పక్కకు పెట్టున్రి సార్. ఇంట్లకు నీళ్లయితే వచ్చినయి. మాట యాదికున్నదా?"

"యాదికున్నది," అన్నాడు సార్. "మాటంటే మాటే. కట్ట పొయ్యొద్దని వీళ్లకు జెప్పకపోవుడు నా తప్పే." ఆ తడి లాల్చీ జేబులోనే పెన్ను వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు హఫీజా ఆపా గుమ్మంలోకి వచ్చింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, చేతిలో చీపురు. వెనకాల ఇల్లంతా తడి.

"ఏం నీళ్లు? యాడి నీళ్లు?" అంది గట్టిగా, గల్లీ అంతటికీ వినబడేలా. "ఇల్లు కడుగుతున్న. మిరుగం నాడు ఇల్లు కడుక్కోవద్దా? నా ఇంట్ల వాన నీళ్లొస్తే నాకు తెల్వాలె గాని, సేటుకు తెలుస్తదా?"

సేటు నోరు తెరిచి, తన రెండు ఇసుక సంచులు కట్టలోంచి కొట్టుకుపోతుండటం చూసి, మళ్లీ మూశాడు. ఆపా చీపురుతో బురద నీళ్లు బయటికి తోసింది. ఆ నీళ్లు మూడు మెట్లు దిగి, గల్లీ వెంట తిన్నగా మూలకు పోయాయి. సార్ వంగి ఆ నీళ్ల వెంట కళ్లతోనే చివరిదాకా పోయాడు. ఆమె అబద్ధం చెబుతోందని ఆయనకు తెలుసు. తెలుసని ఆమెకూ తెలుసు. "బరం బరం ఆపా," అన్నాడు. పెన్ను జేబులోనే ఉండిపోయింది.

వాన వెలిశాక ఆపా నన్ను పిలిచింది. మంచం లేపి, ఒక్కో కాలి కింద నుంచి ఒక్కో ఇటుక తీయమంది.

"అన్నీ తియ్యరాదు ఆపా?"

"ఒక్కటే. ఒక వానకు ఒక్క ఇటుక. మళ్ల మిరుగం చూద్దాం."

నేను సార్‌కు క్షమాపణ చెప్పుకోబోతే చెప్పనివ్వలేదు. శిక్ష మాత్రం వేశాడు. తర్వాతి ఏడాది మిరుగం నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి, పార తీసి తన గదిలో దాచి, నన్ను ఆపా కింది మెట్టు మీద కూర్చోబెట్టాడు. "ఇయ్యాల నువ్వు నా కండ్ల ముందల్నే ఉండాలె. నిన్ను నమ్మరాదు," అన్నాడు. రోజంతా కూర్చున్నాం. ఆపా చేపల కూర పంపింది. వాన పడింది, నీళ్లు వచ్చాయి, పోయాయి. రెండో వరస ఇటుకలు తీసేటప్పుడు మంచం ఒక మూల ఆయనే ఎత్తాడు.

ఇంకో వరస మిగిలి ఉండగానే ఆయన పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు లేవలేదు, అంతే. బొంబాయి నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు కార్లలో వచ్చారు. అందులో ఒక కుర్రాడు, కళ్లు ఎర్రబడ్డవాడు, "సార్ ఇక్కడ చేసిన పని చూపిస్తారా?" అని నన్నడిగాడు. గల్లీలోకి తీసుకుపోయి నిలబెట్టాను. పాపం, తలెత్తి పైకి చూస్తున్నాడు, ఏదైనా బిల్డింగ్ కనబడుతుందేమోనని. "పైకి గాదు బిడ్డా, కిందికి చూడు," అన్నాను. చెంబుతో నీళ్లు తెచ్చి ఆపా మెట్ల మీద పోశాను. అవి గల్లీ చివరిదాకా పోతుంటే ఆ పిల్లవాడు వాటి పక్కనే నడుస్తూ పోయి, మోరీ దగ్గర నిలబడి చాలాసేపు వెనక్కి రాలేదు.

ఈ ఏడు మిరుగం నాడు పార దాచేవాళ్లు లేరు. నిజంగా నాకు దాని జోలికి పోబుద్ధి కాలేదు. పొద్దున్నే పోయి కింది మెట్టు మీద నేనే కూర్చున్నాను. మధ్యాహ్నం వాన గట్టిగానే పడింది. నా కాళ్ల ముందు నుంచి నీళ్లు మూల మలుపు దాకా, అక్కడ నుంచి మోరీలోకి, ఆగకుండా పోయాయి. వాన వెలిశాక లోపల నుంచి ఆపా పిలిచింది.

"రా భాయ్. ఆఖరి ఇటుక."

మంచం ఒక్కో మూలా ఎత్తి నాలుగు ఇటుకలూ లాగాను. ఇన్నేళ్ల తర్వాత మంచం కాళ్లు నేలను తాకాయి. ఆపా అలవాటుగా పీట కోసం చూసింది. అక్కర్లేదని గుర్తొచ్చి, పీటను కాలితో గోడవారకు జరిపి, మంచం అంచు మీద కూర్చుంది. ఆమె రెండు పాదాలూ నేలకు ఆనాయి. కాసేపు వాటికేసి చూసుకుంది, వేళ్లు ఆడించి చూసుకుంది.

"బరం బరం," అంది.